మన వీధిలో అంగారకులు: ఒక నవల, నూటపాతికేళ్ళ అభిమానం

లండన్ వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కితే సుమారు అరగంటలో వోకింగ్ అనే ఊరు వస్తుంది. ఆ ఊరి నడిబొడ్డున ఏడు మీటర్ల ఎత్తున, మూడు సన్నని కాళ్ళ మీద నిలబడ్డ లోహశిల్పం ఒకటి కనిపిస్తుంది. 1998లో మైకేల్ కాండ్రన్ చేసిన ఈ శిల్పం ఒక నవలలో ఆ ఊరిని తగలబెట్టిన అంగారక యంత్రానిది. అట్లాంటిక్‌కు ఇవతలి ఒడ్డున, న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్ దగ్గరి గ్రోవర్స్ మిల్‌లో మరో స్మారకం ఉంది. 1938లో రేడియోలో మాత్రమే జరిగిన దండయాత్రకు గుర్తుగా 1988లో అక్కడివాళ్ళు నిలబెట్టుకున్న కంచుఫలకం అది. తమ ఊరిని నాశనం చేసినవాడికి గుడి కట్టుకున్నట్టుగా ఉండే ఈ అభిమానానికి మూలం హెచ్. జి. వెల్స్ 1898లో ప్రచురించిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'.

అంగారకగ్రహం నుంచి లోహపు స్తూపాకారాల్లో దిగివచ్చిన జీవులు ఉష్ణకిరణంతోను, నల్లటి విషధూమంతోను దక్షిణ ఇంగ్లండును పదిహేను ఇరవై రోజుల్లో నేలమట్టం చేయడం, చివరికి కంటికి కనబడని సూక్ష్మజీవుల చేతిలో చచ్చిపోవడం ఇందులోని కథ. ఈ కథను ప్రేమించినవాళ్ళు దాన్ని చదివి ఊరుకోలేదు. తమ ఊరికి తెచ్చుకున్నారు, తమ కాలానికి మార్చుకున్నారు, మార్చినవాళ్ళతో తగవులాడారు. ఈ అభిమానచరిత్రను పరిశీలిస్తే, ఒక పుస్తకంలో ప్రతి తరమూ ఏది నిలుపుకుంటుందో, ఏది జారవిడుచుకుంటుందో తెలుస్తుంది. జారిపోయిన భాగంలో మనకు సంబంధించినది కొంత ఉందని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

సైకిలు మీద వచ్చిన ప్రళయం

వెల్స్ 1895లో వోకింగ్‌లో మేబరీ రోడ్డు మీద, రైలుపట్టాలకు ఎదురుగా ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు. దుకాణదారు కొడుకు; బట్టల కొట్లో పనినేర్చుకునే కుర్రవాడిగా నలిగి, ఉపకారవేతనంతో బయటపడి, టి. హెచ్. హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదువుకున్నవాడు. వోకింగ్‌లో అతను కొత్తగా సైకిలు నేర్చుకున్నాడు. ఆ సైకిలు మీదే చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతూ, తన అంగారకులు ఏ ఇంటిని కూల్చాలో, ఏ మనుషుల్ని హతమార్చాలో గుర్తుపెట్టుకునేవాణ్ణని తరువాత తనే చెప్పుకున్నాడు. మొదటి స్తూపాకారం పడిన హార్సెల్ మైదానపు ఇసుకగుంటలు నేటికీ ఉన్నాయి. నవలలోని దారులు, వంతెనలు, రైల్వేస్టేషన్లు అన్నీ నిజమైనవే. పటం చేతబట్టుకుని కథకుడి దారిన నడిచే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు.

ఇంగ్లండు మీద దండయాత్ర జరిగినట్టు రాయడం వెల్స్‌తో మొదలవలేదు. 1871లో 'ది బాటిల్ ఆఫ్ డార్కింగ్' అనే కథ వచ్చింది. జర్మన్ సైన్యాన్ని పోలిన సైన్యమొకటి ఇదే సర్రే మండలంలో ఆంగ్లేయుల్ని ఓడించడం అందులోని వస్తువు. దాని రచయిత జార్జ్ చెస్నీ బెంగాల్ ఇంజనీర్ల దళంలో పనిచేసి, 1857లో ఢిల్లీ ముట్టడిలో గాయపడ్డవాడు. భారతదేశపు ప్రజాపనుల శాఖకు ఇంజనీర్లను తయారుచేసిన కూపర్స్ హిల్ కళాశాలకు ఆద్యుడు. పరాయి నగరాన్ని పట్టుకున్న సైన్యంలో ఉన్నవాడు, తన నగరమే పరాయివాళ్ళ చేతికి చిక్కితే ఎట్లా ఉంటుందని ఊహించడం గమనించదగ్గ విషయం. ఆ తరువాత పాతికేళ్ళపాటు ఇటువంటి కథలు అనేకం వచ్చాయి. వాటన్నిటిలోనూ శత్రువు మరో ఐరోపా జాతి. వెల్స్ ఆ శత్రువును భూమి అవతలికి జరిపాడు. అందుకు తగిన వాతావరణం అప్పటికే ఉంది. 1877లో షియాపరెల్లీ అంగారకుడి మీద చూశాననుకున్న చారల్ని, పెర్సివల్ లోవెల్ 1895లో కాలువలుగా వర్ణించి, అక్కడ ఎండిపోతున్న ప్రాచీన నాగరికత ఒకటి ఉందన్నాడు.

అయితే నవలకు బీజం ఖగోళశాస్త్రంలో లేదు. సర్రే పల్లెదారుల్లో నడుస్తూ వెల్స్ అన్న ఫ్రాంక్, ఆకాశం నుంచి హఠాత్తుగా ఎవరో దిగివచ్చి ఇక్కడివాళ్ళ మీద పడితే ఎట్లా ఉంటుందని అడిగాడట. అప్పుడు వాళ్ళు మాట్లాడుకుంటున్నది టాస్మేనియా ద్వీపవాసులకు ఐరోపావాళ్ళ చేతిలో పట్టిన గతి గురించి. వెల్స్ పుస్తకాన్ని ఆ అన్నకే అంకితమిచ్చాడు.

దొంగ ప్రచురణ, ఉత్తరకథ, చెర్రీచెట్టు

నవల 1897 ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు ఇంగ్లండులో పియర్సన్స్ మేగజీన్‌లోను, అమెరికాలో కాస్మొపాలిటన్‌లోను ధారావాహికగా వెలువడింది. పుస్తకంగా రాకముందే దాన్ని న్యూయార్క్, బోస్టన్ పత్రికలు తమ పాఠకుల కోసం తిరగరాశాయి. అంగారకులు సర్రేను విడిచి న్యూయార్క్ పరిసరాల్లోను, బోస్టన్ పరిసరాల్లోను దిగారు. స్థానిక భూగోళానికి సరిపడేట్టు తన రచనను ఖండించి అతికించడం మీద వెల్స్ బహిరంగంగా నిరసన తెలిపాడు. ఆ కోపం న్యాయమైనదే. కాని సొంత ఊరు కాలిపోతుంటే చదవాలన్న కోరికను పాఠకుల్లో రేపినది తన సైకిలు ప్రయాణమే అన్న సంగతి అతనికి అప్పుడు తట్టి ఉండదు.

1898 జనవరిలో, ఆ న్యూయార్క్ పత్రికలోనే గారెట్ సర్విస్ అనే విజ్ఞానరచయిత దీనికి ఉత్తరకథ మొదలుపెట్టాడు. పేరు 'ఎడిసన్స్ కాంక్వెస్ట్ ఆఫ్ మార్స్'. ఇందులో థామస్ ఎడిసన్ అంతరిక్షనౌకను, వస్తువుల్ని అణువులుగా చెదరగొట్టే ఆయుధాన్ని కనిపెట్టి, ప్రపంచదేశాల సాయంతో అంగారకం మీదికి దండెత్తి, ఆ గ్రహాన్ని వరదలో ముంచేస్తాడు. నేటి పరిభాషలో దీన్ని అభిమాని రాసుకున్న కొనసాగింపు అనవచ్చు. ఆక్రమణ ఎంత అమానుషమో చూపడానికి రాసిన కథ, ఏడాది తిరగకుండానే ఆక్రమణను పండగ చేసుకునే కథగా మారింది. ఈ నవల చుట్టూ అల్లుకున్న అభిమానంలో మొదటి వైరుధ్యం ఇదే.

అభిమానం ఇంకోవైపుకూ పండింది. మసాచుసెట్స్‌లో రాబర్ట్ గాడర్డ్ అనే బడి కుర్రవాడు 1898లో బోస్టన్ పత్రికలోని రూపాంతరాన్ని చదివాడు. మరుసటి ఏడాది అక్టోబరు 19న కొమ్మలు నరకడానికి చెర్రీచెట్టెక్కి, అంగారకానికి వెళ్ళగల యంత్రమొకటి తయారైతే ఎంత బాగుంటుందని ఊహించుకున్నాడు. చెట్టు దిగేసరికి తాను వేరే మనిషినయ్యానని తరువాత రాసుకున్నాడు. ఆ తేదీని జీవితాంతం పాటించాడు. 1926 మార్చి 16న ప్రపంచంలో మొట్టమొదటి ద్రవ ఇంధన రాకెట్‌ను ఎగరేసినది ఈ గాడర్డే. 1932లో అతను వెల్స్‌కు కృతజ్ఞతగా ఉత్తరం రాశాడు. అతడు చదివినది వెల్స్ ఒప్పుకోని దొంగ ప్రతి అన్నది చరిత్రలోని చిన్న చమత్కారం.

భయపడినది ఎవరు?

1938 అక్టోబరు 30న, ఆదివారం రాత్రి, సీబీఎస్ రేడియోలో ఆర్సన్ వెల్స్ బృందం ఈ నవలను నాటకంగా ప్రసారం చేసింది. (ఇద్దరి పేర్లూ తెలుగులో ఒకటిగానే వినిపిస్తాయి, చుట్టరికం ఏమీ లేదు.) రచన హోవర్డ్ కోచ్‌ది. న్యూజెర్సీ దారుల పటాన్ని ముందు పరచుకుని, కళ్ళు మూసుకుని పెన్సిలు మొన ఆనిస్తే అది గ్రోవర్స్ మిల్ మీద ఆగిందని అతను చెప్పుకున్నాడు. నాట్యసంగీతం వస్తుండగా దాన్ని ఆపి వార్తలు చదువుతున్నట్టు కథ నడపడం ఈ నాటకంలోని యుక్తి. కొన్ని వారాల క్రితమే, మ్యూనిక్ సంక్షోభం నడిచినప్పుడు, అమెరికా ప్రజలు అచ్చంగా అట్లాగే కార్యక్రమాలు ఆపి చదివిన యుద్ధవార్తలు విని ఉన్నారు.

మరునాటి పత్రికలు దేశమంతా అల్లకల్లోలమైందని రాశాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హాడ్లీ కాంట్రిల్ 1940లో దీని మీద ప్రచురించిన అధ్యయనం సామూహిక భయానికి ప్రామాణిక ఉదాహరణగా పాఠ్యపుస్తకాలకెక్కింది. ఇటీవలి పరిశోధకులు ఈ కథనాన్ని గట్టిగా ప్రశ్నించారు. ఆ రాత్రి హూపర్ సంస్థ ఐదువేల ఇళ్ళకు ఫోన్ చేసి అడిగితే, ఈ కార్యక్రమం వింటున్నామన్నవారు రెండు శాతం మాత్రమే. ఎక్కువమంది వేరే స్టేషన్‌లో జనాదరణ పొందిన హాస్య కార్యక్రమం వింటున్నారు. భయపడి పోలీసులకు ఫోన్లు చేసినవాళ్ళు ఉన్న మాట నిజం. వీధుల్లోకి పరుగెత్తిన లక్షలాది జనం మటుకు చాలావరకు పత్రికల సృష్టి. ఆర్థికమాంద్యంలో తమ ప్రకటనల ఆదాయాన్ని రేడియో లాగేసుకుంటుంటే, అది నమ్మదగని మాధ్యమమని చాటడానికి పత్రికలకు మంచి అవకాశం దొరికింది. కొత్త మాధ్యమం వచ్చిన ప్రతిసారీ ఇటువంటి కథ ఒకటి పుట్టడం మనకు ఇప్పుడు అలవాటే.

నిజమైన విషాదం వేరేచోట జరిగింది. 1949 ఫిబ్రవరిలో ఈక్వడార్ రాజధాని కీటోలో ఇదే నాటకాన్ని స్పానిష్‌లో, స్థానిక పేర్లతో ప్రసారం చేశారు. అది నాటకమని తెలిశాక జనం భయం కోపంగా మారింది. రేడియో స్టేషన్, ఎల్ కొమెర్సియో పత్రిక ఉన్న భవనానికి నిప్పుపెట్టారు. లోపల చిక్కుకున్న పలువురు చనిపోయారు. న్యూజెర్సీ కథ ప్రపంచమంతటికీ తెలుసు. కీటో కథ తెలిసినవాళ్ళు తక్కువ. అభిమానుల జ్ఞాపకానికి కూడా భౌగోళికమైన ఎంపిక ఉంటుంది.

వెండితెర, గ్రామఫోను

1953లో జార్జ్ పాల్ నిర్మాతగా, బైరన్ హాస్కిన్ దర్శకత్వంలో వచ్చిన చిత్రం కథను కాలిఫోర్నియాకు మార్చింది. మూడుకాళ్ళ యంత్రాల బదులు, సముద్రపు టేకుచేపల్లా తేలే రాగిరంగు యానాలు వచ్చాయి. వాటికి రూపమిచ్చిన కళాదర్శకుడు ఆల్బర్ట్ నొజాకీ జపాన్‌లో పుట్టి, చిన్ననాడే లాస్ ఏంజలెస్ చేరినవాడు. పెర్ల్ హార్బర్ తరువాత అతన్ని ఉద్యోగంలోంచి తీసేసి, జపాన్ మూలాలున్న వేలాదిమందితో పాటు మన్జనార్ నిర్బంధశిబిరానికి పంపారు. బయటి నుంచి వచ్చిన శత్రువు గురించి ప్రచ్ఛన్నయుద్ధకాలపు అమెరికా తీసుకున్న ప్రసిద్ధ చిత్రంలో శత్రువు వాహనాలను గీసినవాడు, ఒకప్పుడు తానే శత్రువుగా ముద్రపడ్డ వలసదారు. ఈ చిత్రం స్పెషల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ గెలుచుకుంది. 2011లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారపు జాబితాలో చేరింది.

బ్రిటన్‌లో అభిమానాన్ని తరాలకు అందించినది సినిమా కాదు, ఒక సంగీతపు ఆల్బమ్. 1978లో జెఫ్ వేన్ స్వరపరచిన రూపకంలో రిచర్డ్ బర్టన్ గంభీర కంఠంతో కథ చెబుతాడు. తీగవాద్యాలు, సింథసైజర్లు అంగారకుల అడుగులకు తాళం వేస్తాయి. అట్టమీద మైక్ ట్రిమ్ చిత్రించినది థండర్ చైల్డ్ ఘట్టం. శరణార్థుల ఓడల్ని కాపాడటానికి ఒక యుద్ధనౌక మూడుకాళ్ళ యంత్రాల మీదికి ఎదురెళ్ళి, వాటితోపాటు తానూ మునిగిపోయే సన్నివేశం అది. నవలలో కొద్ది పుటలే. కాని మనుషులు ఎదురుతిరిగి కొంతైనా గెలిచే ఘట్టం కనుక, అభిమానులకు అది ప్రాణం. కొత్త రూపాంతరం వస్తోందంటే వాళ్ళు మొదట అడిగే ప్రశ్న, థండర్ చైల్డ్ ఉందా లేదా అని.

2005లో స్పీల్‌బర్గ్ చిత్రం అంగారకుల్ని మళ్ళీ న్యూజెర్సీకి తెచ్చింది. మనుషులు భస్మమై, ఆ బూడిద కథానాయకుడి ఒంటినిండా పడే దృశ్యంలోను, ఆచూకీ తెలియనివారి ఫొటోలు అతికించిన గోడల్లోను 2001 సెప్టెంబరు నాటి న్యూయార్క్ స్పష్టంగా కనిపిస్తుంది.

విధేయత అంటే ఏమిటి?

ఇన్ని రూపాంతరాల మధ్య నిష్ఠాగరిష్ఠులైన అభిమానుల ఫిర్యాదు ఒక్కటే: గుర్రపుబండ్లు, గ్యాస్ దీపాలు, సర్రే పల్లెలు ఉన్న అసలైన విక్టోరియన్ చిత్రం రాలేదని. 2005లోనే చిన్న బడ్జెట్‌తో అటువంటి ప్రయత్నం ఒకటి దాదాపు మూడుగంటల నిడివితో వచ్చింది. కథను తు.చ. తప్పకుండా అనుసరించినా సినిమాగా నిలబడలేదు. 2016 చివరికి బ్రిటన్‌లో వెల్స్ రచనల కాపీహక్కు ముగిశాక, 2019లో బీబీసీ మూడు భాగాల ధారావాహిక తీసింది. కాలం ఎడ్వర్డియన్, స్థలం వోకింగ్. కాని కథకుడి స్థానంలో కొత్త పాత్రలు, ముందువెనకలయ్యే కాలక్రమం ఉండేసరికి, ఏళ్ళతరబడి ఎదురుచూసినవాళ్ళలో చాలామంది పెదవి విరిచారు.

ఇక్కడ విధేయత అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. పుస్తకంలో ఉన్న వివరాలకు కట్టుబడటం ఒకటి. పుస్తకం తన పాఠకుల పట్ల చేసిన పనిని మళ్ళీ చేయడం ఇంకొకటి. 1898 నాటి పాఠకుడికి విక్టోరియన్ ఇంగ్లండు చారిత్రక వాతావరణం కాదు, తన సొంత వీధి. ఉదయం తాను రైలెక్కిన స్టేషన్ మధ్యాహ్నానికి మంటల్లో ఉందని చదివినప్పుడు కలిగే గగుర్పాటు, నేటి పాఠకుడికి గుర్రపుబండ్లు చూస్తే కలగదు. ఆ లెక్కన, పటం మీద పెన్సిలు ఆనించిన కోచ్, ఇసుకగుంటల్ని వెతుక్కుంటూ సైకిలు తొక్కిన వెల్స్‌కే ఎక్కువ దగ్గరివాడు.

జారిపోయిన అద్దం

అయితే వెల్స్ చేసిన పని అంతటితో ముగియలేదు. మన వీధి తగలబడటం సగం మాత్రమే. తగలబెట్టేవాడిలో మన ముఖం కనిపించడం మిగతా సగం. అంగారకులను నిందించేముందు, మనవాళ్ళు టాస్మేనియన్లకు ఏం చేశారో గుర్తుచేసుకోమని అతను మొదటి అధ్యాయంలోనే పాఠకుణ్ణి నిలదీస్తాడు. 1803లో బ్రిటిషువాళ్ళు ఆ ద్వీపంలో దిగారు. ఒక మనిషి జీవితకాలంలో అక్కడి సమాజం ఛిన్నాభిన్నమైంది. కూలిన ఇంట్లోంచి బయటపడ్డ కథకుడికి కూడా, తాను ఇక భూమికి యజమాని కాదని, అంగారకుల కాలికింది జంతువుల్లో తానూ ఒకణ్ణని తెలిసివస్తుంది. సూర్యుడస్తమించని సామ్రాజ్యపు పౌరుడికి ఆ అనుభవం కలిగించడమే నవల సాధించిన అసలు సాహసం.

వెల్స్ చూపుకు హద్దులు లేకపోలేదు. టాస్మేనియన్ల పట్ల జాలిపడుతూనే, వాళ్ళు పూర్తి మనుషులా కాదా అన్న సందేహానికి తావిచ్చే మాట వాడాడు. వాళ్ళు సమూలంగా అంతరించారన్నాడు. అది ఆనాటి వలసపాలకుల నమ్మకం. టాస్మేనియా ఆదివాసుల వారసులు నేటికీ ఉన్నారు, తమ భాషను తిరిగి కూర్చుకుంటున్నారు. అద్దం పట్టినవాడి చేతి నీడ కూడా అద్దంలో పడిందన్నమాట.

రూపాంతరాలలో ఎక్కువభాగం ఈ అద్దాన్నే వదిలేశాయి. 1953 చిత్రంలో అమెరికా కేవలం బాధితురాలు. 2005 చిత్రంలో ఆక్రమణలన్నీ విఫలమవుతాయన్న ఒక్క మాట వినిపించి మాయమవుతుంది. సామ్రాజ్యం ప్రస్తావనను గట్టిగా తెచ్చిన బీబీసీ ప్రయత్నానికి నాటకీయత సరిపోలేదు.

నవల ముగింపును కాకతాళీయమని విమర్శించేవారు ఉన్నారు. చరిత్ర తెలిసినవారికి అది అట్లా అనిపించదు. అమెరికా ఖండాల్లో మశూచి ఆక్రమించినవాళ్ళకు తోడైంది. పశ్చిమాఫ్రికాలో మలేరియా ఆక్రమించవచ్చినవాళ్ళనే బలిగొంది. వెల్స్ అంగారకులు ఈ రెండో దారిన పోయారు. పియర్సన్స్‌లో ఈ ధారావాహిక నడుస్తుండగానే, 1897 ఆగస్టు 20న, సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. నవలకూ ఈ ఆవిష్కరణకూ ప్రత్యక్షసంబంధం లేదు. కాని ఒకే సంవత్సరంలో, ఒక ఆంగ్లేయుడు సామ్రాజ్యాన్ని సూక్ష్మజీవి ఓడించగలదని కథ రాస్తుండగా, మరొకడు మన నేలమీద ఆ సూక్ష్మజీవి జాడ పట్టుకుంటున్నాడు. సామ్రాజ్యం ఉష్ణదేశాల్లో స్థిరంగా నిలదొక్కుకోవడానికి అటువంటి వైద్యశాస్త్రమే తోడ్పడింది. అంగారకులకు ఒక రాస్ లేకపోయాడు.

మేబరీ గుట్ట మీంచి

నవలలో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక ఘట్టంతో ముగిస్తాను. కథకుడు మేబరీ గుట్టమీది తన ఇంటి దగ్గర టీ తాగుతుండగా ఉష్ణకిరణం ఊరిని తాకుతుంది. అప్పుడు అతని కళ్ళముందు ఓరియంటల్ కాలేజీ చుట్టూ చెట్లు అంటుకుంటాయి. మసీదు శిఖరం కనిపించకుండా పోతుంది. ఇంగ్లండు పల్లెలో మసీదేమిటని పాఠకుడికి అనిపించవచ్చు. అది కల్పన కాదు. లాహోరులో ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన లైట్నర్ అనే పండితుడు వోకింగ్‌లో ప్రాచ్యవిద్యల సంస్థ నెలకొల్పి, 1889లో భోపాల్ బేగం షాజహాన్ ఆర్థికసాయంతో అక్కడ మసీదు కట్టించాడు. ఆమె పేరే దానికి పెట్టారు. ఆ ఆవరణలోనే ఉన్న ఇంటిపేరు సర్ సాలార్ జంగ్ మెమోరియల్ హౌస్: మన హైదరాబాదు దివాను పేరు. వెల్స్ ఇంటికి రైలుపట్టాల అవతలే ఇవన్నీ.

అంటే అంగారకులు కాల్చిన వోకింగ్‌లో మొదటినుంచీ మనవాళ్ళ జాడ ఉంది. స్తూపాకారం పడిన హార్సెల్ మైదానపు అంచునే, మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడి మరణించిన భారతీయ ముస్లిం సైనికుల కోసం ఒక శ్మశానవాటిక కట్టారు. వాళ్ళ అస్థికలను తరువాత బ్రూక్‌వుడ్‌కు తరలించారు. పాత స్థలం 2015లో శాంతివనంగా తెరుచుకుంది. ఊహలో పరలోకవాసులు దిగిన నేల, వాస్తవంలో సముద్రాలు దాటివచ్చిన మన సిపాయిలు నిద్రించిన నేల.

అమెరికా పన్నుల శాఖ పత్రాలు పౌరసత్వం లేని మనందరినీ ఏలియన్ అనే పిలుస్తాయి. ఈ నవల చదివేటప్పుడు మనం ఎవరిపక్షం? మన పూర్వులు టాస్మేనియన్ల వైపున్నవారు. మనం సర్రే మధ్యతరగతి పెద్దమనుషుల్లా ప్రతి ఉదయం రైలెక్కి ఉద్యోగాలకు పోయేవాళ్ళం. ఇరుగుపొరుగుల్లో కొందరి దృష్టిలో ఆకాశం నుంచి ఊడిపడ్డవాళ్ళం. మూడు స్థానాల్లోనూ ఒకేసారి నిలబడి చదవగలగడం ఇబ్బందే, భాగ్యం కూడా. వెల్స్ తన పాఠకులకు అరువివ్వదలచుకున్న చూపు మనకు పుట్టుకతోనే వచ్చింది. గ్రోవర్స్ మిల్ చుట్టుపక్కల ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలానే కాపురముంటున్నాయి. ఆ కంచుఫలకం దగ్గరికి పిల్లల్ని తీసుకువెళ్ళినప్పుడు, రేడియో కథతో పాటు టాస్మేనియా కథ కూడా చెబితే, వెల్స్‌కు మనం చూపగలిగిన విధేయత అదే అవుతుంది.